ఎర్ర పైపింగు

4, సోమవారం

తమ్ముడు కారు కొని తొమ్మిదేళ్ళు దాటింది. దాని సీట్లు నా చేత కుట్టించలేదు.

ముందు ఇది రాయాలి, మిగతావి తర్వాత. నేను కార్ల సీట్లు కుట్టినవాణ్ణి. ఈ ఊళ్ళో సగం జనం నా కుట్టు మీద కూర్చుని తిరిగారు. డాక్టర్లు కూర్చున్నారు, వకీళ్ళు కూర్చున్నారు, కొత్త పెళ్ళికూతుళ్ళు కూర్చున్నారు. నా సొంత తమ్ముడు మాత్రం కారు కొని, సీట్లు ఇంకెవరి చేతో కుట్టించుకుని, తెచ్చి నా షాపు ముందు ఆపి హారన్ కొట్టాడు. అద్దంలోంచి చూశాను. నల్ల రెక్సిన్. సీటు అంచు చుట్టూ ఎర్ర పైపింగు, అంటే లోపల తాడు పెట్టి కుట్టే పట్టీ, సర్కస్ డేరాకి ఉన్నట్టు. ఎర్ర పైపింగు వేసేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే, వెనక వీధిలో సీట్లు కుట్టే రంగులాయన. నేను చచ్చినా ఎర్రది వెయ్యను. రెక్సిన్ ఏ రంగో పైపింగూ అదే రంగు ఉండాలి.

“బాగుంది” అన్నాను. లోపలికి వెళ్ళి మెషీను ముందు కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆ కారు ఎక్కలేదు. ఎందుకిలా చేశావని వాణ్ణి అడగనూ లేదు. వాడే చెప్పాలి. మాటలు మానెయ్యలేదు. అవసరమైనవి మాట్లాడుకుంటాం. వాడు అన్నయ్యా అంటాడు, నేను ఊఁ అంటాను.

ఇక ఇవాళ్టి సంగతి. రేపు కంటి ఆపరేషన్. తర్వాత కొన్నాళ్ళు నా మోటార్ సైకిల్ నడపకూడదట, వెనక కూర్చోనూ కూడదట. టాక్సీలో పోతానన్నాను. మీ తమ్ముడికి చెప్పేశాను, పొద్దున్నే కారు తెస్తాడు అంది మా ఆవిడ. నన్ను అడగలేదు.

ఈ డైరీ బ్యాటరీల షాపువాడు ఊరికే ఇచ్చాడు. ఆపరేషన్ అయ్యాక టీవీ చూడొద్దంది డాక్టరమ్మ. రాయొద్దని అనలేదు. నేనూ అడగలేదు.

5, మంగళవారం

కారు ఎక్కాను.

6, బుధవారం

కంటికి కట్టు ఉంది. రెండో కన్ను ఎప్పుడూ అంతంతమాత్రమే. అక్షరాలు పెద్దవి రాస్తున్నాను.

నిన్న వెళ్ళేటప్పుడు కళ్ళు మూసుకుని కూర్చున్నాను, ఆ ఎరుపు చూడకూడదని. వచ్చేటప్పుడు మూసుకునే పని లేకపోయింది. కళ్ళు లేకపోతే చేతులు ఊరుకోవు. డ్రైవరు పక్క సీటు నాది. కూర్చోగానే ఒక పక్కకి ఒరిగాను. స్పాంజి ఎడమ వైపు కుంగింది. కింద అంచు దగ్గర, చెయ్యి వాలే చోట, పైపింగు జానెడు పొడుగున విడిపోయి ఉంది. లోపలి తాడు వేలికి తగిలింది. ఎర్ర పైపింగు బతుకంతే. రంగు మీద ఉన్న శ్రద్ధ ముడి మీద ఉండదు.

తమ్ముడు మెల్లగా నడిపాడు. గుంత వచ్చిన ప్రతిచోటా ముందే చెప్పాడు. ఇంటికొచ్చాక చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. నేను పట్టుకోమనలేదు. వాడు వదల్లేదు. వాడి చెయ్యి కూడా ముసలిదైపోయింది. నీళ్ళ పంపుల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు, ఇప్పటికీ వేళ్ళకి సిరా వాసన.

వెళ్ళేటప్పుడు ఒక మాట అన్నాడు. నెలాఖరు శనివారం ఒకాయన వచ్చి కారు కొనుక్కుపోతాడట. ఇంజను నూనె తాగుతోందట, ఇక మేపలేనన్నాడు.

మంచిది. ఎప్పుడో అమ్మాల్సింది.

కానీ కారు పోతే నా ప్రశ్న కూడా దాంతో పోతుంది. సీట్లు ఎదురుగా లేకుండా సీట్ల సంగతి ఏం అడగను? శనివారంలోగా తేల్చుకోవాలి.

8, శుక్రవారం

పనేమీ లేదు. కార్ల గురించి నేననేది ఒకచోట రాసి పెడతాను. షాపులో అందరికీ చెప్పినవే.

మోటార్ సైకిల్ ఖర్చు కళ్ళకి కనిపిస్తుంది. టైరు అరిగితే కనిపిస్తుంది, చైను వదులైతే వినిపిస్తుంది. కారు ఖర్చు డోర్ల సందుల్లో దాక్కుంటుంది. నిలబెట్టినా తింటుంది. నడవకపోతే బ్యాటరీ చస్తుంది, నడిస్తే టైర్లు చస్తాయి. ఇన్సూరెన్స్ వాడు ఏటా వస్తాడు. ఎండలో పెడితే డాష్ బోర్డు పగులుతుంది, నీడలో పెడితే పిట్టలు రెట్ట వేస్తాయి. కడిగేవాడికి ఇవ్వాలి, ఆపుకునే జాగాకి ఇవ్వాలి. కారున్న ఇంట్లో ఒక మనిషి ఎక్కువ ఉన్నట్టే. తింటాడు, పనికి అప్పుడప్పుడూ వస్తాడు.

పాత కారు కొనేవాడు వేరే రకం. వాడు ఇంకొకడి దగ్గులూ తుమ్ములూ డబ్బిచ్చి కొనుక్కుంటాడు. అలాంటివాళ్ళు వస్తే సీటు కుట్టి ఇచ్చేవాణ్ణి, వాళ్ళటు వెళ్ళగానే నేనూ గ్రీజూ నవ్వుకునేవాళ్ళం. గ్రీజు అంటే పక్క షెడ్డు మెకానిక్కు. పని తెలిసినవాడు, చేతులు కడుక్కోవడం తెలియనివాడు.

నా మోటార్ సైకిల్ నాతోపాటే ముసలిదైంది. ఒక్క కిక్కుకి స్టార్టవుతుంది. రెండు. ఈ మధ్య మూడు.

రాస్తూంటే మా ఆవిడ అరిచింది. దుప్పటి అంచు పీకకండి, మీ అమ్మ అలవాటు మీకూ వచ్చింది అని. అమ్మ చేతికి ఏ అంచు దొరికినా దారం లాగేది. షాపుకొస్తే శాంపిళ్ళు దాచేవాణ్ణి.

9, శనివారం

కట్టు విప్పారు. నల్లద్దాలు ఇచ్చారు. చుక్కలు వేసుకోవాలి. చుక్కలు మా ఆవిడ వేస్తుంది. తల కదిలిస్తే చెవి పట్టుకుంటుంది. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఒక్క చుక్క కూడా బయట పడనివ్వదు.

కారులో ఇవాళ కూడా సీటు తడిమాను. కుట్టు పక్కనే సన్నగా ఇంకో వరస రంధ్రాలు ఉన్నాయి, పాత సూది దిగినవి. అంటే ఈ తొడుగు ఒకసారి విప్పి మళ్ళీ కుట్టారు. స్పాంజి కుంగింది ఎడమకి. బాగా లావుపాటి మనిషి, ఒక తుంటి మీద భారం వేసి ఏళ్ళ తరబడి కూర్చుంటే అలా కుంగుతుంది. ఈ సీట్లో ఎవరు కూర్చున్నారు? మా మరదలు కూర్చుంది. గాలేస్తే ఎగిరిపోతుంది. అమ్మ కూర్చుంది. అప్పటికే గుప్పెడు ఎముకలు.

దారిలో ఇదే ఆలోచన. ఇంటికొచ్చేసరికి తెలిసిపోయింది. రంగులాయన నా తమ్ముణ్ణి మోసం చేశాడు. కొత్త స్పాంజికి డబ్బు తీసుకుని, ఏదో పాత కారులోంచి పీకిన సీటు పెట్టి, పైన ఎర్ర పైపింగు చుట్టి పంపాడు. మావాడికేం తెలుసు. గుమాస్తా.

నా దగ్గరికొచ్చి ఉంటే ఇలా జరిగేదా.

నిజం చెప్పాలంటే, ఇవాళ మనసు తేలిగ్గా ఉంది.

11, సోమవారం

తమ్ముడికి ఫోన్ చేసి రంగులాయన దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. ఎందుకన్నయ్యా అన్నాడు. నీకు జరిగిన అన్యాయం తేల్చాలి అన్నాను. వద్దులే అన్నాడు. వద్దంటే ఎలా, తమ్ముడివి అన్నాను.

తొమ్మిదేళ్ళలో వాణ్ణి తమ్ముడివి అనడం ఇదే మొదలేమో.

13, బుధవారం

వెళ్ళాం. చుక్కల కోసం ఆస్పత్రికని మా ఆవిడతో చెప్పి వెళ్ళాం.

రంగులాయన షాపు మారలేదు. గోడ నిండా పసుపు, ఊదా, చిలకాకుపచ్చ. ఆయనా ముసలివాడయ్యాడు. నన్ను చూసి మెషీను ఆపేశాడు. నేను సోది లేకుండా అడిగాను, మా తమ్ముడి కారుకి పాత స్పాంజి ఎందుకు పెట్టావని. పిల్లిలా ఉండే మనిషి, లేచి నిలబడ్డాడు.

“ఏ కారండీ? ఆ కారు నా గుమ్మం తొక్కలేదు. మీ తమ్ముడి బండి నేను ముట్టుకుంటే మీరు నన్ను బతకనిచ్చేవారా?”

ఎర్ర పైపింగు వేసేది నువ్వేగా అన్నాను. ఎరుపు నా అబ్బ సొత్తా అన్నాడు. బయటికొచ్చి కారు డోరు తీశాడు, సీటు తడిమాడు. వేలు కుట్టు వెంట నడిపించాడు, నేను నడిపించినట్టే. ఇది నా చెయ్యి కాదు, ఈ ఊరి చెయ్యే కాదు, కానీ చెయ్యి మంచిది అన్నాడు. నేనూ లోపల అదే అనుకున్నాను. పైకి అనలేదు.

విడిపోయిన అంచు చూసి జాలిపడ్డాడు. సూది తెస్తాను, నిమిషంలో వేసేస్తాను, డబ్బు వద్దు అన్నాడు. అప్పటిదాకా నోరు విప్పని తమ్ముడు గబుక్కున అడ్డం వచ్చాడు. వద్దండీ, అది అలాగే ఉండనివ్వండి అన్నాడు. ఊరికే చేస్తానన్నా వద్దంటాడేమిటి. అమ్మేసే కారుకి మరమ్మతెందుకని కాబోలు.

రంగులాయన టీ తెప్పించాడు. తాగాను. అన్నేళ్ళు ఈ మనిషి ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయాను. ఆయన కూడా నన్ను చూసి దాటేవాడట. ఒకరి కోసం ఒకరం దాటుతూ ఎన్నిసార్లు ఒకే పక్కకి వచ్చామో అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు ఒక్క గుంత కూడా చెప్పలేదు. అన్నిట్లోనూ దింపాడు.

14, గురువారం

రంగులాయన కాకపోతే ఎవరు?

15, శుక్రవారం

మా ఆవిడని అడిగాను. చుక్కలు వేస్తూ చెప్పింది, కదలకుండా పట్టుకుని మరీ.

తమ్ముడు కొన్నది పాత కారట. కొనేటప్పటికే అయిదారేళ్ళు తిరిగింది. పొరుగూళ్ళో ఎవరో వ్యాపారి వాడుకున్నది. ఎర్ర పైపింగుతో సహా వచ్చింది. తమ్ముడు రంగు వేయించి, మెరుగు పెట్టించి తెచ్చాడు. అసలు సీట్లు ఎవరి చేతా కుట్టించలేదు.

నీకెప్పుడు తెలుసన్నాను. మొదటి రోజే తెలుసంది. గ్రీజుకి? ఆ ఇంజను చూసి కొనిపించిందే గ్రీజు అంది. ఇంకెవరికి తెలుసన్నాను.

“ఏమండీ, మీకు తప్ప అందరికీ తెలుసు.”

మరి నాకెందుకు చెప్పలేదన్నాను. మీరు అడిగితేగా అంది. రెండో కంట్లో కూడా చుక్క వేసింది. దానికి అక్కర్లేదు. తడిగా ఉందని పొరపాటు పడి ఉంటుంది.

లావుపాటి వ్యాపారి. ఎడమ తుంటి. పాత రంధ్రాలు. డోరు తీసి ఒక్కసారి కూర్చుని ఉంటే ఆ రోజే తెలిసేది. కళ్ళు మూసుకున్నా తెలిసేది.

16, శనివారం

తమ్ముడు వచ్చాడు. వదిన ఫోన్ చేసిందట. వరండాలో కూర్చున్నాం. నా మోటార్ సైకిల్ వైపు చూస్తూ మాట్లాడాడు, నా వైపు కాదు.

కొత్తది కొనే స్తోమత లేదన్నాడు. ఆ యేడు అమ్మ నడుం పడిపోయింది. ఎలాగైనా కారు కావాలి, వెంటనే కావాలి. దొరికింది కొన్నాడు. మొదట నా దగ్గరికే తెచ్చాడు, చెబుదామనే ఆపి హారన్ కొట్టాడు. నేను అద్దంలోంచి చూసి బాగుంది అని లోపలికి పోయాను. ఇక చెప్పలేకపోయాడట.

నేను కోప్పడతానని భయపడ్డావా అన్నాను.

“కోపానికి కాదన్నయ్యా. పాత కార్లు కొన్నవాళ్ళు వెళ్ళాక నువ్వూ గ్రీజూ ఎలా నవ్వేవారో నేను విన్నాను, అక్కడే బల్ల మీద కూర్చుని. నువ్వు కోపంగా ఉంటే పడగలను. నువ్వు నవ్వితే పడలేను.”

మరి రంగులాయన కుట్టాడని నేననుకుంటూంటే ఊరుకున్నావేమన్నాను. అది నీకు కోపం కదా, అది నయం అన్నాడు.

కోపం నయమని తొమ్మిదేళ్ళు నా ఊఁ భరించాడు.

వాడు వెళ్ళాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. పాత కార్ల గురించి నేనన్నదంతా నిజమే. ఇంజను నూనె తాగుతోందా లేదా? అయినా అమ్మని రెండేళ్ళపాటు వెళ్ళాల్సిన ఒక్క రోజూ తప్పకుండా ఆస్పత్రికి చేర్చింది. దగ్గులూ తుమ్ములూ కొన్నాడు, సరే. నా తల్లిని దాంట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. దానికి ముందు అమ్మని నేనే తీసుకెళ్ళేవాణ్ణి, మోటార్ సైకిల్ మీద, పాత దుప్పటితో నా నడుముకి కట్టుకుని. నొప్పిగా ఉందా అంటే లేదురా అనేది. కారు వచ్చాక కారెక్కింది. తమ్ముడు నా చేతిలోంచి అమ్మని లాక్కున్నాడనుకున్నాను. కారు వెనకే నేను మోటార్ సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి, వానైనా ఎండైనా. ముందు సీట్లో కూర్చున్నప్పుడు డోరు పక్క అద్దంలో అమ్మ ముఖం కనిపించేది.

18, సోమవారం

ఆ అంచు అమ్మ విప్పింది.

19, మంగళవారం

నిన్న ఒక్క లైనే రాసి మూసేశాను. ఎలా తెలిసిందంటే, తలగడ. పొద్దున లేచేసరికి దాని అంచు నా వేళ్ళలో ఉంది. అమ్మ పీకితే నేను మళ్ళీ కుట్టిన అంచు. జానెడు పొడుగు. చెయ్యి వాలే చోట.

ఇవాళ ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు సీటు అంచు మీద వేలు పెట్టి తమ్ముడితో ఇది అమ్మేనా అన్నాను. వాడు కారు పక్కకి తీసి ఆపాడు.

“ఇంకెవరు? దారంతా అద్దంలో నిన్నే చూసేది అన్నయ్యా. నువ్వు వెనకపడితే చాలు, చెయ్యి ఆ అంచు మీదికి పోయేది. వాడు రాలేదురా, ఆగు అనేది. నువ్వు కనిపించేదాకా పీకుతూనే ఉండేది.”

ఎన్నో సిగ్నళ్ళ దగ్గర ఆ కారు పచ్చ లైటులో కూడా ఆగి ఉండటం నేను చూశాను. తమ్ముడికి డ్రైవింగ్ రాదనుకున్నాను.

అందుకే రంగులాయన సూది తెస్తానంటే వద్దన్నాడు. అందుకే ఇన్నేళ్ళూ కుట్టించలేదు. అదృష్టం. కుట్టించి ఉంటే నా చేతికి ఏం దొరికేది?

చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నా తమ్ముడు మంచివాడు. వాడికి ఎదురుగా చెప్పలేదు. గుంత వస్తోంది చూసి నడుపు అన్నాను.

21, గురువారం

డాక్టరమ్మ రెండో కన్ను కూడా చూసింది. వెనక నరం ఎండిపోయిందట. ఆపరేషన్ చేసిన కన్ను బాగా కుదిరింది, మీరు అదృష్టవంతులు, సూదిలో దారం కూడా ఎక్కించుకోవచ్చు అంది. మోటార్ సైకిల్ మాత్రం ఇక వద్దంది. ఒక కంటితో దూరం తెలియదట. ఎన్నాళ్ళు అన్నాను. ఇక వద్దు అంటే ఇక వద్దు అనే అంది. చిన్నపిల్ల, కళ్ళలోకి చూసి చెప్పింది. తిప్పి తిప్పి చెప్పకుండా చెప్పినందుకు దణ్ణం పెట్టాను.

22, శుక్రవారం

మోటార్ సైకిల్ తుడిచాను. చైనుకి నూనె వేశాను. స్టాండు మీదే స్టార్ట్ చేశాను. ఒక్క కిక్కు. కావాలనే చేసింది.

సీటు కవరు ఆరోసారి కుట్టినది. వెనక సగం ఇంకా మెత్తగా ఉంది. అమ్మ దిగాక అక్కడ మా ఆవిడ తప్ప ఎవరూ ఎక్కువ కూర్చోలేదు.

దీని మీద తిరిగే పెళ్ళికి ముందు షాపు పెట్టాను, దీని మీదే రెక్సిన్ చుట్టలు తెచ్చాను. ఎన్నడూ దారిలో వదిలెయ్యలేదు. మనుషుల్లో అలాంటివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా ఆవిడ ఒకతి. ఇప్పుడు ఇంకో వేలు మడవాలి.

23, శనివారం

మోటార్ సైకిల్ గ్రీజుకి ఇచ్చేశాను.

24, ఆదివారం

ఊరికే ఇవ్వలేదు. వాడికి దాని మీద ఎప్పటినుంచో కన్ను. నీకు బండి, బదులుగా తమ్ముడి కారు ఇంజను విప్పి నూనె తాగడం మాన్పించు అన్నాను. గ్రీజు నోరు తెరిచాడు. పాత కారుకి ఇంత చేస్తున్నారా, మీరేనా అన్నాడు. నువ్వే కొనిపించావుగా, నువ్వే బాగు చెయ్యి అన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వనిచ్చాను. ఈసారి ఆ నవ్వు నా మీద. అంత బాధేం లేదు.

మోటార్ సైకిల్ వీధి మలుపు తిరిగేదాకా చూశాను. మలుపు తిరిగాక కూడా వినిపించింది. మా ఆవిడ పక్కన నిలబడింది. లోపలికొచ్చాక మెషీను మీద గుడ్డ తీసి దులిపింది. షాపు మూసినప్పటి నుంచి ఆ మెషీను ముందు గదిలో అలా ఉంది, పైన పాత పేపర్లు మోస్తూ. బెల్టు పాడైందేమో చూడండి అంది. పాడవలేదు.

25, సోమవారం

తమ్ముడింటికి వెళ్ళాను, నడిచి. కారు అమ్మొద్దన్నాను. తమ్ముడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరమేమోనని.

మాట ఇచ్చేశాను, శనివారం ఆయన వస్తాడు అన్నాడు. మేపలేను అన్నయ్యా అన్నాడు. ఖర్చులు నాకు చెప్పకురా, వాటి మీద ఈ ఊళ్ళో నా అంత మాట్లాడినవాడు లేడన్నాను. ఇంజను గ్రీజు చూస్తాడు. ఇన్సూరెన్స్ నువ్వు కట్టు, పెట్రోలు నేను పోయిస్తాను, కడగడం ఇద్దరం. ఇద్దరు ముసలాళ్ళకి ఒక కారు. నాకు బండి లేదు, నీకు తీసుకెళ్ళడానికి మనిషి లేడు. టైర్లు సమంగా అరుగుతాయి.

బండి ఏమైందన్నాడు. చెప్పాను. వాడు కుర్చీలో కూర్చుండిపోయాడు. మా మరదలు వంటింట్లోంచి వచ్చి, బావగారూ కూర్చోండి, నిలబడే మాట్లాడుతున్నారేం అంది. కూర్చున్నాను. ఆ ఇంట్లో కుర్చీలో వెనక్కి ఆని కూర్చుని ఎన్నాళ్ళయిందో.

కొనేవాడికి వద్దని ఫోన్ చెయ్యాలో లేదో ఆలోచించి చెబుతానన్నాడు తమ్ముడు. గుమాస్తా బుద్ధి. ప్రతిదానికీ ఫైలు తిప్పాలి.

26, మంగళవారం

గ్రీజు నా మోటార్ సైకిల్ మీద వెళుతూ హారన్ కొట్టాడు. గేరు తప్పు వేశాడు. నేర్చుకుంటాడు.

రంగులాయన దగ్గరికి రెక్సిన్ కోసం వెళ్ళాను. నా పాత సరుకంతా ఎలకలు తిన్నాయి. మంచి రెక్సిన్ రెండు చుట్టలు పక్కన పెట్టాడు, ఒకటి నలుపు, ఒకటి గోధుమ రంగు. రెండూ ఇంటికి తీసుకుపోండి, అక్కర్లేనిది తిరిగి తెండి అన్నాడు. స్పాంజి మాత్రం కొత్తది ఇచ్చాడు, ఇది కొత్తదేనని మూడుసార్లు చెప్పి.

27, బుధవారం

తమ్ముడి దగ్గరనుంచి ఇంకా కబురు లేదు.

ఫోన్ చేశాను. ఆలోచిస్తున్నా అన్నయ్యా అన్నాడు. నేను చెప్పినది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. తర్వాత అలా అనలేదని వాడన్నా, నేనన్నా, రాత ఉంటుంది.

ఒరే, నువ్వు నన్ను తొమ్మిదేళ్ళు మోశావు. అమ్మని మోశావు, నా కన్ను మోశావు, గుంతలన్నీ ముందే చెప్పావు. నాకు మాటలతో తీర్చడం రాదు. నాకు వచ్చింది కుట్టు. ఆ కారు సీట్లన్నీ కుడతాను. లావుపాటి వ్యాపారి తుంటి మీద నా తమ్ముడి కారు నడవడం ఇక చాలు. దారం మీ వదిన ఎక్కిస్తానంది. నేనే ఎక్కించుకోగలను, కానీ ఎక్కిస్తానంది. డ్రైవరు పక్క సీటుకి కూడా కొత్త స్పాంజి వేస్తాను, తొడుగు మాత్రం పాతదే. ఆ అంచు దగ్గరికి సూది పోనివ్వను. అది అలాగే ఉంటుంది, ఎర్రగా, విడిపోయి. కుట్టే పని తెలిసినవాళ్ళు చూసి నవ్వుకుంటే నవ్వుకోనీ.

మిగతా వాటికి రంగు నువ్వు చెప్పాలి. కారు నీది. నలుపా, గోధుమా? శనివారం ఆ మనిషి వచ్చేసరికి కారు నా గుమ్మంలో సీట్లు విప్పి ఉండాలి. సీట్లు లేని కారు చూసి ఎవడూ కొనడు. కాబట్టి శుక్రవారం సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి. ఆలోచిస్తున్నా అంటే ఒప్పుకోను. శుక్రవారం చీకటి పడేలోగా చెప్పకపోతే నేనే రంగులాయన దగ్గరికి వెళ్ళి, నా చేతులతో నేనే, మిగతా సీట్లన్నిటికీ ఎర్ర పైపింగు తెస్తాను.